ఒప్పందంలో కొంత భాగం తీసేస్తే

శ్రోతలందరికీ నమస్కారం.

రెండు దేశాలు ఒప్పందం రాసుకుంటాయి. కొన్నేళ్లకు ఒక దేశం అంటుంది, మొత్తం వద్దనడం లేదు, ఇందులో ఈ భాగం మాత్రం ఇక చాలు అని. అలా అనొచ్చా? ఎంత ముందుగా చెప్పాలి? ఆ భాగాన్ని నమ్ముకుని బతుకుతున్నవాళ్ల గతేమిటి? 1969 నాటి వియన్నా ఒప్పందం దీనికి ఒక పద్ధతి పెట్టింది. మామూలుగా వదులుకుంటే మొత్తం వదులుకోవాలి. కొంతే వదులుకోవాలంటే ఆ వీలు ఒప్పందంలోనే ఉండాలి, లేదా ఇద్దరూ ఒప్పుకోవాలి. సూత్రాలు ఇంతవరకు చాలు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి చెబుతాను.

జోర్డాన్, ఇజ్రాయెల్ 1994 అక్టోబర్ 26న శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సరిహద్దు తేల్చేటప్పుడు రెండు చోట్ల చిక్కు వచ్చింది. ఒకటి బాకూరా. యార్ముక్ నది వచ్చి జోర్డాన్ నదిలో కలిసే చోటు. పాత జలవిద్యుత్ కేంద్రం ఒకటి 1948 నుంచి మూతపడి అక్కడే ఉంది. రెండోది దక్షిణాన ఘుమర్. ఎడారి నేలే గాని, ఇజ్రాయెల్ రైతులు అప్పట్లో అక్కడ కూరగాయలు పండించేవారు. రెండు చోట్లూ జోర్డాన్‌వేనని ఇజ్రాయెల్ ఒప్పుకుంది. ఇజ్రాయెల్ వాళ్లు వచ్చి సాగు చేసుకోవచ్చని జోర్డాన్ ఒప్పుకుంది. కౌలు సంగతి తెలిసిన మన రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. భూమి ఒకరిది, సేద్యం మరొకరిది.

దీనికోసం ఒప్పందానికి రెండు అనుబంధాలు జతచేశారు. గడువు 25 ఏళ్లు. ఎవరూ ఏమీ అనకపోతే మరో 25 ఏళ్లు దానంతట అదే నడుస్తుంది. వద్దనుకున్నవాళ్లు ఏడాది ముందు చెప్పాలి. ఏడాది ముందు చెప్పాలి, ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మధ్యలో పెద్ద ఘోరమే జరిగింది. 1997 మార్చిలో బాకూరా చూడ్డానికి వచ్చిన బడిపిల్లల మీద ఒక జోర్డాన్ సైనికుడు కాల్పులు జరిపాడు. ఏడుగురు ఇజ్రాయెల్ ఆడపిల్లలు చనిపోయారు. జోర్డాన్ రాజు హుస్సేన్ ఆ తల్లిదండ్రుల ఇళ్లకు స్వయంగా వెళ్లి, వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆ ఒప్పందం అప్పుడు తెగిపోకుండా నిలబడిందంటే అందులో ఆ రాజు మనిషితనం కూడా ఉందని నేను నమ్ముతాను.

తర్వాత ఆయన కొడుకు అబ్దుల్లా రాజయ్యారు. మన నేల మనకు రావాలని జోర్డాన్‌లో జనం గట్టిగా అడిగారు. 2018 అక్టోబర్ 21న ఆయన ప్రకటించారు, ఈ రెండు అనుబంధాలూ ఇక కొనసాగవు అని. ఒప్పందం అమల్లోకి వచ్చిన నాటి నుంచి లెక్కేస్తే గడువు తీరేది 2019 నవంబర్ 10న. అంటే ఏడాదికి పైగా ముందే చెప్పారు. మాట్లాడుకుందాం అంది ఇజ్రాయెల్. జోర్డాన్ మాత్రం మాట మార్చలేదు. నవంబర్ 10 వచ్చింది, బాకూరా గేటు మూశారు. మర్నాడు రాజు అక్కడికి వెళ్లి నమాజు చేశారు.

మరి ఘుమర్ రైతులు? గడువుకు ముందు నాటిన పంట కోసుకోవడానికి జోర్డాన్ వాళ్లను రానిచ్చింది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే. నేల వెనక్కి తీసుకున్నారు, చేతికొచ్చిన పంటను మాత్రం పాడుచేయలేదు. శాంతి ఒప్పందంలో మిగతాదంతా అలాగే ఉంది.

మన సంగతికి వద్దాం. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని నిలిపి ఉంచింది. అమాయకుల ప్రాణాలు పోయాక దేశానికి వచ్చిన కోపం న్యాయమైనదే. అయితే రెండు దేశాలూ మరో ఒప్పందం చేసుకునేదాకా ఇది అమల్లో ఉంటుందని ఆ ఒప్పందంలోనే రాసి ఉంది. అందుకే దాని మీద వాదన తెగడం లేదు.

కానీ శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఉన్నవాళ్లకు అంతకంటే దగ్గరి ఒప్పందం మరొకటి ఉంది. 2008 మే 21న భారత్, పాకిస్తాన్ ఖైదీల గురించి రాసుకున్నది. ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం వాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. 2025లో అంత గొడవ జరిగాక కూడా జులై 1న జాబితాలు చేతులు మారాయి. పాకిస్తాన్ ఇచ్చిన దాంట్లో 193 మంది జాలర్లు ఉన్నారు. ఈ ఒప్పందం జోలికి ఎవరూ పోలేదు, పోకూడదు కూడా.

2018 నవంబర్‌లో గుజరాత్‌లోని వేరావల్ రేవు నుంచి చేపల వేటకెళ్లిన మన తీరంవాళ్లు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. మరుసటి ఏడాదంతా రెండు దేశాల మధ్య టెన్షనే. అయినా 2020 జనవరి 6న, సంక్రాంతికి వారం ముందు, 20 మంది వాఘా దాటి వచ్చారు.

ఆ 2008 ఒప్పందం ప్రకారం, పట్టుబడిన మూడు నెలల్లో మన దౌత్యాధికారులను కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, మనిషి భారతీయుడేనని ఖాయమైతే నెలలో పంపించాలి. ఇందులో మన చేతిలో ఉన్నది ఒక్కటే, ఆ మనిషి మనవాడేనని త్వరగా చూపించడం. దానికోసం అధికారులు వచ్చి అడిగేది మన ఊళ్లోనే, మన ఇంట్లోనే.

కాబట్టి అమ్మా, మీ ఇంట్లోంచి ఎవరైనా వేరావల్ వెళుతుంటే, ఆధార్ కార్డు, మత్స్యకార గుర్తింపు కార్డు జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకోండి. అసలు కాగితాలు బోటులో ఉంటే అవి మనిషితోపాటే పోతాయి. ఒక ఫోటో ఉంచుకోండి. ఎక్కే బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సేటు, అంటే బోటు యజమాని ఫోను నంబరు, తండేలు, అంటే బోటు నడిపే పెద్ద పేరు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. సీజన్ మధ్యలో బోటు మారితే ఆ సాయంత్రమే ఫోన్ చేసి కొత్త నంబరు చెప్పమనండి. ఆగస్టులో వాళ్లు బయలుదేరేలోగా ఈ పని అయిపోవాలి.

సెలవు. నమస్కారం.