బెరడును పట్టుకున్న రెండు ప్రాణాలు: లక్క పురుగు, రాతిపువ్వు

నమస్కారం. నల్గొండ వైపు బత్తాయి తోటల్లో ముదురు చెట్ల మొదళ్లపై బూడిద రంగు మచ్చలు కనబడగానే, రసం పీల్చే పొలుసు పురుగు పట్టిందని భయపడి మందు కొట్టించే రైతులున్నారు. వారి అనుమానం అకారణమైనది కాదు. కదలకుండా బెరడును కరుచుకుని బతికే పురుగులు నిజంగానే ఉన్నాయి. పొలుసు పురుగుల బంధువైన లక్క పురుగును, ఆ మచ్చల బంధువైన రాతిపువ్వును ఈ రోజు పక్కపక్కన పెట్టి చూద్దాం.

లక్క పురుగు పిల్ల సుమారు అర మిల్లీమీటరు పొడవుండే ఎర్రని నలుసు. అది మోదుగ, రేగు వంటి చెట్ల లేత కొమ్మపై కొంత దూరం పాకి, అనువైన చోట సూదివంటి నోటిని బెరడులోకి దించుతుంది. ఆడపురుగైతే ఇక ఆ చోటు విడవదు. కాళ్లు కూడా పోతాయి. చెట్టు రసం తాగుతూ, ఒంటి నుంచి ఊరే జిగురుతో తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. హైదరాబాదు లాడ్‌బజారు గాజులకు ఆధారమైన లక్క ఆ గూడే.

రాతిపువ్వు సంగతి వేరు. కిరాణా దుకాణంలో బిర్యానీ దినుసుల మధ్య కనిపించే, పైన బూడిద రంగు, అడుగున నలుపు ఉన్న ఆ ముడతల రేకు ఒక లైకెన్. తేమగల కొండ అడవుల్లో రాళ్లపైనా, చెట్ల బెరళ్లపైనా పెరుగుతుంది. లైకెన్ ఒకే జీవి కాదని, శిలీంధ్రమూ (బూజు జాతి జీవి) శైవలమూ (నాచు జాతి జీవి) కలిసి చేసే కాపురమని స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ 1867లో ప్రకటించినప్పుడు, ఆనాటి లైకెన్ పండితులు చాలామంది తీవ్రంగా వ్యతిరేకించారు. నేటికీ లైకెన్‌కు పెట్టే శాస్త్రీయ నామం అందులోని శిలీంధ్రానికే చెందుతుంది. వంట చేసేది మాత్రం శైవలం. అది ఎండతో ఆహారం తయారు చేస్తుంది కాబట్టి, లైకెన్ చెట్టు రసం జోలికి పోదు. బెరడు దానికి నిలబడే చోటు మాత్రమే.

నీరసించిన చెట్టుపై లైకెన్ ఎక్కువగా కనబడుతుందన్నది నిజమే. ఆకులు పలచబడి మొదలుకు వెలుతురు తగులుతుంది గనుక అది విస్తరిస్తుంది. చెట్టు నీరసానికి కారణం మరోచోట ఉంటుంది.

కాబట్టి మందు కలిపే ముందు ఆ మచ్చను గోరుతో మెల్లగా గీకండి. చిన్న పొలుసు లేచి, దాని అడుగున మెత్తని పురుగు కనిపిస్తే అది పొలుసు పురుగు. లేకపోతే కాసిని నీళ్లు చల్లి చూడండి: లైకెన్ అయితే పై పొర తడిసి, లోపలి శైవలం కనబడి, బూడిద రంగు చాలాసార్లు మీ కళ్ల ముందే పచ్చబారుతుంది.