ఒంటరిగా అండమాన్ డైవింగ్‌కి: ప్లాన్ తిరుగు విమానం నుంచి మొదలుపెట్టండి

తెరపై: పడవ అంచున కూర్చుని మాస్క్ సర్దుకుంటున్న మనిషి. వెనక నీలి సముద్రం.

నమస్తే అండి. అండమాన్‌కి ఒక్కరే వెళ్లి స్కూబా డైవింగ్ చేయాలనుకునేవాళ్ల కోసం ఈ వీడియో. స్నేహితులకు సెలవు దొరకలేదు, ఇంట్లోవాళ్లకు సముద్రమంటే భయం, మీకేమో ఈ ఏడాది ఎలాగైనా నీళ్లలోకి దిగాలని ఉంది. వెళ్లండి. మొదటిసారి ఒంటరిగా వెళ్లి డైవింగ్ నేర్చుకోవడానికి మన దేశంలో అండమాన్ దీవుల్లోని స్వరాజ్ ద్వీప్ కంటే అనువైన చోటు ఉందని నేననుకోను. 2018లో పేరు మారినా చాలామంది ఇప్పటికీ హేవ్‌లాక్ అనే అంటారు, నేనూ అలాగే అంటాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఒక్కరే ప్రయాణం చేయడం వేరు, ఒక్కరే నీళ్లలోకి దిగడం వేరు. డైవింగ్‌లో ప్రతి ఒక్కరికీ ఒక బడ్డీ ఉండాలి. మీ గాలి అయిపోతే తన గాలి ఇచ్చేది, పాత వలలో ఫిన్ (ఈతకి కాలికి తొడిగే రెక్క) చిక్కుకుంటే విడిపించేది ఆ మనిషే. బడ్డీ లేకుండా డైవ్ చేయడానికి ప్రత్యేక శిక్షణ ఉన్నమాట నిజమే కానీ, అందులో చేరాలంటేనే కనీసం 100 డైవ్‌లు చేసి ఉండాలి. మీరు ఒక్కరే వెళ్తే డైవ్ సెంటర్ వాళ్లే ఎవరితోనైనా జత కలుపుతారు. దాని గురించి టెన్షన్ వద్దు.

తెరపై: క్యాలెండర్. చివరి తేదీ చుట్టూ ఎర్ర గీత.

ఇక ప్లాన్. మామూలు ట్రిప్‌కి వెళ్లే టికెట్‌తో మొదలుపెడతాం. డైవింగ్‌కి మాత్రం తిరుగు టికెట్‌తో మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. ఎందుకో చూద్దాం.

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే 10 మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డు మీదకంటే రెట్టింపు, 20 మీటర్లకి మూడింతలు. ఆ ఒత్తిడికి నైట్రోజన్ మామూలుకంటే ఎక్కువగా రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా ఊపిరితో బయటికి పోవాలి, దానికి గంటలు పడుతుంది. ఈలోగా విమానం ఎక్కితే? క్యాబిన్‌లో పీడనం నేల మీద ఉన్నంత ఉండదు, ఇంచుమించు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. గోళీసోడా కొట్టగానే బుస్సున పొంగినట్టు, ఒత్తిడి తగ్గేసరికి లోపల మిగిలిన గ్యాస్ బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి కాళ్లు చచ్చుబడటం దాకా వెళ్తుంది.

అందుకే డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచన ఏంటంటే, ఒకే ఒక్క మామూలు డైవ్ చేస్తే విమానానికి కనీసం 12 గంటల ఎడం, వరసగా చాలా డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటల ఎడం ఉండాలి. నా మాట వింటే పూర్తి 24 గంటలు పెట్టుకోండి.

ఇప్పుడు తొమ్మిది రోజుల ట్రిప్ అనుకుని వెనక నుంచి లెక్కేద్దాం. తొమ్మిదో రోజు విమానం. ఎనిమిదో రోజు ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, తిరిగి వచ్చేయాలి. సముద్రం బాగోకపోతే ఫెర్రీలు రద్దవుతాయి కాబట్టి విమానం ఉన్న రోజు పొద్దున ఫెర్రీని నమ్ముకోవద్దు. సాయంత్రం సెల్యులార్ జైలు చూడండి. ఏడో రోజు ఖాళీ. ఈ ఖాళీ రోజు మీద చాలామందికి చెయ్యి పడుతుంది, దాన్ని మాత్రం కోయకండి. జలుబు చేసినా, ఒక రోజు గాలివాన వచ్చినా, ఫెర్రీ ఆగినా మిమ్మల్ని కాపాడేది అదే. మూడు నుంచి ఆరు దాకా కోర్సు, డైవ్‌లు. రెండో రోజు హేవ్‌లాక్ చేరి విశ్రాంతి. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగడం.

నలుగురు కలిసి వెళ్తే ఎవరో ఒకరు "ఈ రోజు వద్దులే, వాతావరణం బాగోలేదు" అంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ మాట అనేవాళ్లు పక్కన ఉండరు. డబ్బు కట్టేశాం, రేపే వెళ్లిపోవాలి అనే తొందరలో ఒంట్లో బాగోలేకపోయినా దిగేస్తారు. క్యాలెండర్‌లో ఆ ఖాళీ రోజు ఉంటే ఆ తొందర ఉండదు.

తెరపై: అండమాన్ మ్యాప్. చెన్నై, హైదరాబాద్ నుంచి గీతలు.

ఎప్పుడు వెళ్లాలి? డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. డిసెంబరు ఆఖరి వారంలో రేట్లు మండిపోతాయి, గదులు దొరకవు. ఫిబ్రవరి, మార్చికి నా ఓటు. మే రెండో సగం నుంచి నైరుతి వానలు. చెన్నై నుంచి విమానం రెండు గంటల చిల్లర, హైదరాబాద్ నుంచీ నేరుగా ఉన్నాయి. అక్కడ చలికాలంలో సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది, పనులన్నీ పెందలాడే మొదలవుతాయి. డైవ్ పడవ కోసం ఉదయం ఆరింటికల్లా తయారుగా ఉండాల్సి రావచ్చు. భాష గురించి బెంగ వద్దు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు అని చెప్పారు. పోర్ట్ బ్లెయిర్ బజార్లో తెలుగు వినబడితే ఆశ్చర్యపోకండి.

తెరపై: వైద్య పరీక్ష ఫారం. పెన్ను పట్టుకున్న చెయ్యి.

విమానం టికెట్ కంటే ముందు చూడాల్సింది ఈ ఫారం. ఉబ్బసం, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్, గర్భం, వాడుతున్న మందులు, అన్నీ అడుగుతుంది. కొన్నిటికి "అవును" అని రాస్తే డాక్టర్ సంతకం ఉంటేనే నీళ్లలోకి దింపుతారు. ఈ ఫారం నెట్‌లో దొరుకుతుంది. ఇంట్లోనే చదవండి, అవసరమైతే మీ డాక్టర్‌కే చూపించండి. దీవిలో దిగాక సంతకం కోసం తిరిగే ఖర్మ మీకెందుకు?

అన్నిటికీ "కాదు" అని టిక్ పెట్టేస్తే పోలేదా అనుకునేవాళ్లకు ఒక మాట. ఉబ్బసంలో శ్వాసనాళాలు మూసుకుపోయి కొంత గాలి ఊపిరితిత్తుల్లోనే ఇరుక్కుంటుంది. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఆ గాలి రెట్టింపు చోటు అడుగుతుంది. దారి లేకపోతే ఊపిరితిత్తి చిరిగిపోతుంది. స్కూబాలో మొట్టమొదటి సూత్రం ఊపిరి బిగబట్టకూడదు అన్నది కూడా ఇందుకే. దయచేసి ఆ ఫారంలో అబద్ధం రాయకండి.

ఈత రాకపోతే? ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకుని చేయించే ట్రయల్ డైవ్ చేయొచ్చు, అది 12 మీటర్ల లోతు దాటకూడదు. ఓపెన్ వాటర్ కోర్సుకి, అంటే డైవర్‌గా కార్డు ఇచ్చే మొదటి కోర్సుకి మాత్రం 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలుతూ ఉండగలగాలి. టైమ్ లిమిట్ లేదు, ఏ రకంగా ఈదినా సరే. మీ ఊళ్లో ఈత కొలనులో ముందే నేర్చుకోండి. ఆ కోర్సు పూర్తయితే 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు, ఆ కార్డు ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది. థియరీ ఆన్‌లైన్‌లో ఇంటి దగ్గరే చదివేస్తే దీవిలో ఒక రోజు మిగులుతుంది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు పవర్ ఉన్న మాస్క్ దొరుకుతుందా అని ముందే అడగండి.

తెరపై: ఫోన్‌లో మాట్లాడుతున్న అమ్మాయి. ముందు నోట్‌బుక్.

డైవ్ సెంటర్‌ని రేటు చూసి ఎంచుకోకండి, ఫోన్ చేసి మాట్లాడండి. ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఎంతమంది ఉంటారు? పడవలో ఆక్సిజన్ ఉంటుందా? మేము కింద ఉన్నంతసేపూ పడవలో ఎవరుంటారు? ఏదైనా అయితే రీకంప్రెషన్ చాంబర్ (ఒంట్లో కట్టిన బుడగలు తగ్గేలా మళ్లీ ఒత్తిడిలో ఉంచే గది) ఎక్కడుంది, ఎలా తీసుకెళ్తారు? నేను ఒక్కదాన్నే వస్తున్నా, నాకు బడ్డీ ఎవరు? మంచి సెంటర్ అయితే ఈ ప్రశ్నలకు విసుక్కోదు. మెడికల్ ఫారం ఊసెత్తకుండా అడ్వాన్స్ పంపమంటే మాత్రం ఫోన్ పెట్టేయండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ చాలావాటిల్లో స్కూబాకి కవరేజ్ ఉండదు, పాలసీలో ఆ లైను వెతికి చదవండి.

తెరపై: పడవ మీద ఇద్దరు డైవర్లు ఒకరి పరికరాలు ఒకరు చూసుకుంటున్నారు. దగ్గరి షాట్: ప్రెషర్ గేజ్.

ముక్కూమొహం తెలియని బడ్డీతో దిగుతున్నారు కాబట్టి దూకే ముందు ఈ తనిఖీ వదలకూడదు. నీళ్లలో తేలడానికి వేసుకునే జాకెట్‌లోకి గాలి ఎక్కుతోందా, దిగుతోందా. బరువుల బెల్టు ఉందా, విప్పేది ఏ వైపు. బకిల్స్ ఎక్కడెక్కడ. తర్వాత గాలి. రెగ్యులేటర్, అంటే ట్యాంక్ గాలి పీల్చే పరికరం, నోట్లో పెట్టుకుని, ప్రెషర్ గేజ్ ముల్లు చూస్తూ గట్టిగా రెండు మూడు సార్లు పీల్చండి. ముల్లు 200 బార్ దగ్గర కదలకుండా ఉండాలి (బార్ అంటే ట్యాంక్‌లో గాలి ఒత్తిడికి కొలత). పీల్చిన ప్రతిసారీ కిందికి జారి మళ్లీ పైకి లేస్తోందంటే ట్యాంక్ వాల్వ్ పూర్తిగా తెరవలేదన్నమాట. పడవ మీద ఆ కొంచెం గాలి సరిపోయినట్టే ఉంటుంది, లోతులో సరిపోదు. ఎవరు తొందరపెట్టినా ఈ పని ఆపకండి.

తెరపై: తాడు పట్టుకుని మెల్లగా దిగుతున్న డైవర్. ముక్కు మీద వేళ్లు.

ఇప్పుడు చెవులు. కొత్తవాళ్లకు కష్టం 12 మీటర్ల దగ్గర కాదు, మొదటి నాలుగైదు మీటర్లలోనే. ఒత్తిడిలో తేడా అక్కడే ఎక్కువ. తల నీళ్లలో మునగగానే మాస్క్ మీది నుంచి ముక్కు పట్టుకుని మెల్లగా ఊదండి. చెవుల్లో టప్ మని చిన్న చప్పుడు వస్తుంది. అర మీటరు దిగి మళ్లీ ఊదండి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. తెరుచుకోకపోతే బలంగా ఊదకండి, ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. అరచేతిని అటూ ఇటూ ఊపి చెవి చూపిస్తే ఇన్‌స్ట్రక్టర్‌కి అర్థమవుతుంది. బొటనవేలు మాత్రం పైకి చూపించకండి. బయట అది సూపర్ అని, నీళ్లలో అయితే "పైకి వెళ్దాం" అని. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. జలుబుతో దిగొద్దు. మాత్ర వేసుకుని దిగితే ఆ మందు పని కింద ఉండగానే అయిపోవచ్చు, పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుంటుంది.

గాలి 100 బార్‌కి రాగానే బడ్డీకి చెప్పాలి. 50 మిగిలి ఉండగా పైన ఉండాలి. పైకి నిమిషానికి 9 మీటర్లకు మించకుండా రండి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. ఏ డైవ్‌నైనా, ఏ క్షణంలోనైనా, కారణం చెప్పకుండా "నాకు వద్దు" అనే హక్కు మీకుంది. కొత్తవాళ్ల మధ్య మొహమాటం వేస్తుంది, అయినా అనండి.

తెరపై: పగడపు దిబ్బ మీద చిలక చేపల గుంపు.

కోర్సు డైవ్‌లకు నీమో రీఫ్ లాంటి లోతు తక్కువ చోట్లు సరిపోతాయి. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ పేర్లు వినగానే మనసు లాగుతుంది కానీ అవి లోతైనవి, ప్రవాహం ఉండే చోట్లు, అడ్వాన్స్‌డ్ అనే తర్వాతి కోర్సు అయ్యాక వెళ్లండి. పగడాన్ని పట్టుకోకండి, దాని మీద నిలబడకండి. చూడ్డానికి రాయిలా ఉన్నా అది ప్రాణి. ఫిన్ ఒక్క దెబ్బకి విరిగే కొమ్మ మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఫోటో కోసం నక్షత్ర చేపని చేతిలో పెడతానని ఎవరైనా అంటే వద్దని చెప్పండి.

ఒడ్డు మీద ఉన్నప్పుడు ఒంటరిగా స్నార్కెలింగ్‌కి వెళ్లొద్దు. మొసలి బోర్డులున్న చోట నీళ్లలోకి అడుగే పెట్టొద్దు. 2010లో రాధానగర్ బీచ్ పక్కన నీల్స్ కోవ్ దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. నగదు కొంచెం ఎక్కువే పెట్టుకోండి, ఏటీఎంలు కొన్నే. 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక నెట్ మెరుగుపడింది కానీ అన్నిచోట్లా సిగ్నల్ ఉండదు. కాబట్టి ఇంట్లో ఒకరికి మీ గది చిరునామా, డైవ్ సెంటర్ నంబర్, బ్లడ్ గ్రూప్, ఏ రోజు ఎన్నింటికి ఫోన్ చేస్తారో రాసి పంపండి. "సాయంత్రం ఆరు దాటినా ఫోన్ రాకపోతే ఈ నంబర్‌కి చేయమ్మా" అని చెబితే అమ్మకీ కొంచెం నిమ్మళం.

తిరిగొచ్చేటప్పుడు బీచ్‌లో ఏరిన పగడపు ముక్కలు, పెద్ద గవ్వలు బ్యాగులో పెట్టుకోకండి. పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో దొరికితే చిక్కే. దుకాణంలో కొన్న గవ్వ బొమ్మలకైతే రసీదు తీసుకుని, చేతి బ్యాగులో పైనే ఉంచుకోండి.