పెరటాసి శనివారం, స్పానిష్ పాఠం

(తిరుపతిలో స్పానిష్ కొత్తగా నేర్చుకుంటున్నవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక ఈ హాలు మెట్లెక్కుతూ ఒక అమ్మాయిని పలకరించాను. స్పానిష్ ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నావమ్మా అంటే ఆరు నెలలు అంది. అయితే ఏదైనా ఒక మాట చెప్పమన్నాను. తల దించుకుని, "తప్పు వస్తుందేమో మేడమ్" అంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ జవాబు గురించే.

ఆ భయం స్పానిష్ పెట్టింది కాదు, ఇంగ్లీషు పెట్టింది. మనలో చాలామందికి ఇంగ్లీషు మాటల రూపంలో రాలేదు, మార్కుల రూపంలో వచ్చింది. నోరు తెరిస్తే సరిదిద్దడం, సరిదిద్దుతుంటే వెనక బెంచీలో నవ్వడం. పన్నెండు పదిహేనేళ్లు అలా గడిచాక ఏ కొత్త భాష ఎదురైనా మన గుండె పరీక్ష హాలులో కొట్టుకున్నట్టే కొట్టుకుంటుంది.

నాకూ అదే జరిగింది. ఎనిమిది నెలలు వ్యాకరణం చదివాను. క్రియారూపాలు నిద్రలో లేపి అడిగినా అప్పగించేదాన్ని. ఒక రోజు పని మీద మెక్సికో నుంచి ఒకావిడ ఫోను చేసి, "బ్వెనాస్ తార్దెస్" అంది. శుభ సాయంత్రం అన్నట్టు, అంతే. నోరు పెగల్లేదు. పుస్తకంలో మొదటి పేజీలో ఉన్న మాటే అది. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

ఆ వారంలోనే తమిళుల పెరటాసి నెలలో ఒక శనివారం వచ్చింది. పెరటాసిలో మన ఊరి సంగతి మీకు వేరే చెప్పాలా, తమిళనాడు అంతా తిరుపతిలోనే ఉన్నట్టు ఉంటుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర మా మేనమామకు ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. రద్దీ ఎక్కువని సాయానికి వెళ్లాను. ఒక పెద్దావిడ దీపపు కుందె చేతిలోకి తీసుకుని "ఎవ్వళవు?" అంది, ఎంత అని. మామయ్య "నూట్రి అంబదు" అన్నాడు, నూట యాభై అని. ఆవిడ గబగబా ఏదో అంది. మామయ్యకు అర్థం కాలేదు. ఏమాత్రం తడబడకుండా, "కొంజం మెదువా సొల్లుంగమ్మా" అన్నాడు. కాస్త నెమ్మదిగా చెప్పండమ్మా అని. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. బేరం కుదిరింది. కుందె కాగితంలో చుట్టి ఇచ్చాడు.

మామయ్య ఐదో తరగతితో చదువు ఆపేశాడు. తమిళ అక్షరం ఒక్కటి రాదు. కానీ తమిళం, కన్నడం, హిందీ మూడింటిలోనూ రోజూ వ్యాపారం చేస్తాడు. "నీకు భయం వేయదా మామయ్యా?" అని అడిగాను. "భయం ఎందుకమ్మా, ఆవిడకు కుందె కావాలి, నాకు డబ్బు కావాలి. మధ్యలో మాట ఉంది" అన్నాడు. నేను ఎనిమిది నెలల్లో అందుకోలేనిది ఆ మాటలో దొరికింది. ఆయన భాషను అప్పగించడం లేదు. దానితో పని చేసుకుంటున్నాడు.

యూరప్‌లో భాషాస్థాయులకు ఒక కొలమానం ఉంది. ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు. స్పానిష్ డెలె పరీక్షలు కూడా ఆ మెట్ల ప్రకారమే జరుగుతాయి. మొదటి మెట్టయిన ఏ1 నిర్వచనంలోనే ఒక షరతు రాసి ఉంది: అవతలి మనిషి నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడుతూ సాయపడటానికి సిద్ధంగా ఉంటే చిన్న చిన్న సంభాషణ చేయగలగడం. గమనించారా? ఎదుటివారి సాయం ఆ స్థాయిలో అంతర్భాగం. నెమ్మదిగా చెప్పమని అడిగితే మీకు భాష రానట్టు కాదు, ఆ మెట్టు మీద నిలబడినట్టు. కాబట్టి అన్నిటికన్నా ముందు మామయ్య తమిళ వాక్యానికి స్పానిష్ రూపం నేర్చుకోండి: "మాస్ దెస్పాసియో, పోర్ ఫబోర్". ఇంకా నెమ్మదిగా, దయచేసి. దాని పక్కనే "నో ఎంతియెందో", అర్థం కాలేదు అని. ఈ రెండూ నోట్లో ఉంటే ఏ సంభాషణలోనూ మునిగిపోరు.

స్పానిష్‌వాళ్లు వేగంగా మాట్లాడతారని అందరూ భయపెడతారు. అది నిజమే. 2011లో భాషాశాస్త్రవేత్తలు ఏడు భాషలను కొలిచి చూస్తే, సెకనుకు స్పానిష్‌లో సగటున దాదాపు 8 అక్షరాలు, ఇంగ్లీషులో 6 పైచిలుకు పలుకుతున్నారని తేలింది. అయితే స్పానిష్‌లో ఒక్కో అక్షరం మోసే బరువు తక్కువ. సెకనులో అందే విషయం చూస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు. మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్ల ఆ వేగం మరీ ఎక్కువగా వినిపిస్తుంది. "ఉనా అమీగా" అంటే ఒక స్నేహితురాలు. పలికేటప్పుడు "ఉనమీగా" అయిపోతుంది. మనకిది వింతా? మేన, అల్లుడు కలిసి మేనల్లుడు అయినట్టే. సంధి చేయడం తెలిసిన చెవికి సంధి విడదీయడం కూడా తెలుసు. ఒక నెల రోజులు వినండి, విడిపోవడం మొదలవుతుంది.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన విషయానికి వస్తాను. మన నాలుకకు స్పానిష్ దగ్గరి చుట్టం. టమోటా సంగతే చూడండి. మెక్సికోలోని నావాత్ల్ భాష నుంచి స్పానిష్‌లోకి, అక్కడి నుంచి లోకమంతటికీ వెళ్లిన మాట అది, చివరికి మదనపల్లె మార్కెట్‌కూ చేరింది. స్పానిష్‌లో దాన్ని "తొమాతే" అంటారు. త, మన తల్లిలో ఉన్న త. కానీ నా తరగతిలో ప్రతి కొత్త విద్యార్థీ "టొమాటే" అంటాడు. విదేశీ మాట అనగానే ట పలకాలని ఇంగ్లీషు మనకు అలవాటు చేసింది. ఆ అలవాటు పక్కన పెట్టండి. టాక్సీ కాదు, "తాక్సీ". హాస్పిటల్ కాదు, "ఒస్పితాల్". పలకరింపు కూడా హలోలాగా "హోలా" కాదు, "ఓలా". రాతలో హ ఉంటుంది, నోట్లో ఉండదు.

అలాగే ర. "పెరో" అంటే కానీ. "పెర్రో" అంటే కుక్క. ఇంగ్లీషువారు ఈ తేడా కోసం నెలల తరబడి కుస్తీ పడతారు. మనం పుట్టినప్పటి నుంచి గుర్రం, కర్ర, బర్రె అంటూనే ఉన్నాం. ఎ, ఒ హ్రస్వాలూ మనకు ఉన్నాయి. మరి ఎందుకు జంకాలి?

నారింజను "నరన్‌హా" అంటారు, చక్కెరను "అసూకర్" అంటారు. రెండు మాటలూ మన దేశం నుంచే అరబ్బుల మీదుగా అక్కడికి వెళ్లాయి. చిత్తూరు జిల్లాకు ప్రాణమైన మామిడిని "మాంగో" అంటారు. అది మలయాళ, తమిళాల "మాంగా", పోర్చుగీసుల వెంట ఐరోపాకు ప్రయాణం చేసింది. తొమాతే ఇటు వచ్చింది, మాంగా అటు వెళ్లింది.

వాక్యంలోనూ ఆ చుట్టరికం ఉంది. "మె గుస్తా ఎల్ కఫే". ఇంగ్లీషులో నుంచి చూస్తే ఇది తలకిందులు. తెలుగులో నుంచి చూడండి: నాకు కాఫీ ఇష్టం. "మె ద్వెలె లా కబెసా", నాకు తల నొప్పిగా ఉంది. నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పనవసరం లేదు, మన క్రియలాగే వాళ్ల క్రియ చివరలోనే అది తెలిసిపోతుంది. పెద్దవారితో "ఉస్తెద్", చనువున్నవారితో "తూ". మీరు, నువ్వు తెలిసిన మనకు దీని మీద పాఠమే అక్కరలేదు. స్పెయిన్‌లో అపరిచితులు కూడా త్వరగా తూలోకి దిగుతారు, అది అమర్యాద అనుకోకండి.

ఇంగ్లీషులో "బి" (ఆమ్, ఈజ్, ఆర్) అని ఒక్కటే ఉన్న క్రియ స్పానిష్‌లో "సెర్", "ఎస్తార్" అని రెండు అవుతుంది. దీన్ని చూసి వెనక్కి తిరిగిపోయినవారు నాకు తెలుసు. మాది తిరుపతి అనేటప్పుడు మనం క్రియ వాడం, అక్కడ సెర్: "సోయ్ దె తిరుపతి". నేను తిరుపతిలో ఉన్నాను అన్నప్పుడు ఉండటం వచ్చింది, అక్కడ ఎస్తార్: "ఎస్తోయ్ ఎన్ తిరుపతి". ఇది అన్నిచోట్లా నిలవదు. అతను పొడుగ్గా ఉన్నాడు అని మనం అంటాం, వాళ్లు అక్కడ సెర్ వాడి "ఎస్ ఆల్తో" అంటారు. అయినా మొదటి అడుగులకు ఈ ఊతకర్ర చాలు.

మనకు కష్టమైన చోటు కూడా చెప్పాలి. మాటలో ఏ అక్షరాన్ని నొక్కాలన్నది తెలుగులో అర్థాన్ని మార్చదు, స్పానిష్‌లో మారుస్తుంది. మొదటి అక్షరం నొక్కి "పాప" అంటే లాటిన్ అమెరికాలో బంగాళాదుంప, మన చిత్తూరు వైపు ఉర్లగడ్డ. చివరి అక్షరం నొక్కి "పపా" అంటే నాన్న. రాతలో అచ్చు మీద చిన్న గీత కనిపిస్తే గొంతును అక్కడ పెంచండి. ఇది పుస్తకం చూస్తే రాదు, పైకి చదివితేనే వస్తుంది. వస్తువులకు కూడా స్త్రీలింగం, పుంలింగం అనే గొడవ ఉంది కానీ దాని గురించి ఇప్పుడు దిగులు వద్దు. బల్లను పురుషుణ్ణి చేసినా మీకు బల్లే దొరుకుతుంది.

ఇక మాట తోచని క్షణం. అక్కడే ధైర్యం జారిపోతుంది. తెలుగులో మనకు మాట తోచకపోతే మౌనంగా ఉంటామా? మరి, అంటే, చూద్దాం అంటూ నెట్టుకొస్తాం. వాళ్లకూ అవే ఉన్నాయి: "ప్వెస్", "ఓ సేయా", "ఆ బేర్". నేను మెక్సికో ఆవిడకు మళ్లీ నేనే ఫోను చేశాను, పది రోజుల తర్వాత. చేతిలో కాగితం మీద ఐదు వాక్యాలు రాసుకున్నాను. మూడు చెప్పగలిగాను. రెండుచోట్ల ప్వెస్ అన్నాను, ఒకసారి మాస్ దెస్పాసియో అన్నాను. ఆవిడ నిజంగానే నెమ్మదించింది. నాలుగు నిమిషాలు మాట్లాడాం, పని అయింది.

అందుకే ఇంటికి వెళ్లి చదువుకోమని నేను మిమ్మల్ని పంపడం లేదు. ఇప్పుడే మొదలుపెడదాం. కుడివైపు కూర్చున్నవారంతా అమ్మేవారు, ఎడమవైపువారు కొనేవారు. సరుకు తొమాతే. కొనేవారి మాట "క్వాంతో క్వెస్తా ఎల్ కీలో?", కిలో ఎంత అని. అమ్మేవారు "బేయింతె" అంటే ఇరవై, "త్రెయింతా" అంటే ముప్పై, మీ ఇష్టం. ధర ఎక్కువనిపిస్తే "ఎస్ కారో" అనండి, ఒక్క ర మాత్రమే. రెండు పెడితే "కార్రో", లాటిన్ అమెరికాలో కారు కొంటున్నట్టు అవుతుంది. అర్థం కాకపోతే ఏమనాలో మామయ్య చెప్పాడు.

ఇందాక మెట్ల మీద కలిసిన అమ్మాయి మూడో వరుసలో ఉంది. రామ్మా, నువ్వు కొను, నేను అమ్ముతాను.

ఓలా, బ్వెనాస్ తార్దెస్.