పెరుగన్నం తప్పు కాదు, అదొక్కటే చాలదు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పిల్లల్నీ, కుక్కల్నీ వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం.

కుక్కను పెంచుకునేవాళ్లు పశువైద్యుల్ని ఎక్కువగా అడిగేది ఒకటే: "డాక్టర్ గారూ, అన్నం పెట్టొచ్చా, మానెయ్యాలా?" కుక్క తోడేలు సంతతి కాబట్టి దానికి మాంసం తప్ప ఇంకేదీ పడదని ఎక్కడో చదివి టెన్షన్ పడుతుంటారు. ఆ మాట నిజం కాదు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేళ్లలో రెండే ప్రతులుగా ఉంటే, కుక్కల్లో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. మనిషి పంచన వేల ఏళ్లు బతికినందువల్ల వచ్చిన మార్పు అది. మెత్తగా ఉడికిన అన్నం ఆరోగ్యంగా ఉన్న కుక్కకు చక్కగా అరుగుతుంది. నా బాధంతా ఆ అన్నం పక్కన ఏమీ ఉండకపోవడం గురించే.

మన ఇళ్లలో కుక్కకు ఎక్కువగా పెట్టేది పెరుగన్నమో పప్పన్నమో. కడుపు నిండుతుంది, తోక ఊపుతుంది, మనకూ తృప్తిగా ఉంటుంది. అయితే తిండిలో నీరు తీసేసి లెక్కిస్తే ఎదిగిన కుక్కకు కనీసం 18 శాతం, పెరిగే పిల్లకు 22.5 శాతం ప్రొటీన్ ఉండాలని అమెరికాలో పశువుల, పెంపుడు జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే ఆఫ్కో (AAFCO) అనే సంఘం చెబుతోంది. బియ్యంలో ఉండేది 7, 8 శాతం. పెరుగు కలిపినా ఆ లోటు పూర్తిగా తీరదు. గుడ్డో, చికెనో, చేపో పడాలి. గుడ్డు కూడా వండని ఇళ్లవాళ్లు సొంతంగా ప్రయోగాలు చేయకుండా డాక్టర్‌ని అడిగి, పూర్తి పోషకాలున్న వెజ్ ఫుడ్ ఎంచుకోండి.

"మేం చికెనే పెడుతున్నాం కదా" అనేవాళ్లూ ఉంటారు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మూడు నాలుగు నెలల కుక్కపిల్ల, బొద్దుగానే ఉంటుంది, బొచ్చు మెరుస్తుంటుంది. కానీ నిలబెడితే ముందుకాళ్లు వంగిపోయి ఉంటాయి, ముట్టుకుంటే మూలుగుతుంది. ఎక్స్‌రే తీస్తే ఎముకలు పల్చగా, వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఏం పెడుతున్నారని అడిగితే "రోజూ బోన్‌లెస్ చికెన్, అన్నం" అంటారు. ఎంతో ప్రేమగా పెట్టిన తిండే అది! మాంసంలో ఫాస్ఫరస్ మెండు, కాల్షియం దాదాపు లేనట్టే. తిండిలో ఫాస్ఫరస్‌కు సమానంగానో, కాస్త ఎక్కువగానో కాల్షియం లేకపోతే శరీరం దాన్ని ఎముకల్లోంచి లాగేసుకుంటుంది. అలాంటి పిల్ల సోఫా మీంచి దూకినా కాలు విరగొచ్చు.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో పొరపాటు ఉంది. మంచి పప్పీ ఫుడ్ పెడుతూనే, బలం కోసమని పైనుంచి కాల్షియం టానిక్ పోస్తారు. చిన్న కుక్కపిల్లల పేగులు ఎక్కువైన కాల్షియాన్ని ఆపలేవు, వచ్చినదంతా లోపలికి వెళుతుంది. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో దానివల్ల ఎముకల ఎదుగుదలే దెబ్బతింటుంది. పెద్ద జాతి పిల్లల కోసమని రాసి ఉన్న ఫుడ్ కొనండి, టానిక్ జోలికి వెళ్లకండి. ఇంటి వంటే పెడతామంటే కాల్షియం ఎంత కలపాలో పిల్ల బరువు చూసి డాక్టర్ చెప్పాలి.

ఇక లేబుల్ సంగతి. గ్రేవీ పౌచ్ మీద ప్రొటీన్ 8 శాతం, డ్రై ఫుడ్ ప్యాకెట్ మీద 24 శాతం అని ఉంటే పౌచ్ నాసిరకమని అనుకోకండి. పౌచ్‌లో 80 శాతం నీరే. అది తీసేస్తే మిగిలిన 20లో 8, అంటే 40 శాతం ప్రొటీన్. డ్రై ఫుడ్‌లో నీరు 10 శాతం కాబట్టి అక్కడ తేలేది దాదాపు 27. ముందువైపున్న బొమ్మకన్నా వెనకవైపు చిన్న అక్షరాలు ముఖ్యం. అది సంపూర్ణ ఆహారమా, వేరే తిండితో కలిపి పెట్టాల్సిందా, ఏ వయసుకు అన్నవి అక్కడే ఉంటాయి.

ఎంత పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. ఒకే ఈతలోని లాబ్రడార్ పిల్లల్ని జతలుగా తీసుకుని, జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి జీవితాంతం పెట్టి చూశారు. 2002లో ఫలితాలు వచ్చాయి: తక్కువ తిన్నవి సుమారు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవి 11.2 ఏళ్లు బతికాయి. దాదాపు రెండేళ్లు! గిన్నె నింపేసి వదిలేయకుండా వంటింటి కాటా మీద తూచి పెట్టండి. పక్కటెముకలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు, చేత్తో తడిమితే మాత్రం తగలాలి.

బిర్యానీ మిగిలిందని మాత్రం పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినా ఆ విషం పోదు. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలను పాడుచేస్తాయి. చాక్లెట్, జైలిటాల్ వేసిన షుగర్‌ఫ్రీ సరుకులు ప్రాణాల మీదకు తెస్తాయి. ఉడికిన ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

ఇవాళ ఇంటికెళ్లి తిండి మార్చాలనుకునేవాళ్లు ఒక్కసారిగా మార్చకండి. పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ వారం రోజులు తీసుకోండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ప్యాకెట్లు తెమ్మని ముందే చెప్పాం కదా, తెచ్చినవాళ్లు ముందుకు రండి. ఒక్కొక్కటీ తిప్పి, వెనకవైపు చదువుదాం.