తెలివికి మార్కులు వేసే ముందు

ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వచ్చిన ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం.

తెలివిని అంకెలో చెప్పే కొలతైన ఐక్యూ మాట ఎత్తగానే మన దగ్గర చర్చ కులం మీదికో, రిజర్వేషన్ల మీదికో మళ్లుతుంది. మళ్లనివ్వండి, అవి అడగకూడని ప్రశ్నలేం కావు. చేతిలో ఉన్న అంకె ఎలా పుట్టిందో తెలుసుకుని వాదించమనే నా మనవి.

బడిలో వెనకబడుతున్న పిల్లలను గుర్తించే దారి కోసం 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక సంఘం వేసింది. మరుసటేడు మనస్తత్వవేత్త అల్ఫ్రెడ్ బినే, ఆయన సహచరుడు తియోడోర్ సిమోన్ 30 అంశాల పరీక్ష తయారుచేశారు. ఎవరికి ప్రత్యేకంగా పాఠం చెప్పాలో తేల్చడం దాని పని. తెలివి పుట్టుకతోనే ఖరారవుతుందన్న మాటను బినే గట్టిగా కాదన్నాడు. ఈ పద్ధతి అమెరికా చేరాక పని మారిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో సుమారు 17 లక్షల మంది సైనికులను పరీక్షించారు. ఆ మార్కులు చూపించి దక్షిణ, తూర్పు ఐరోపా వలసజనం తెలివిలో తక్కువని అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ బ్రిగమ్ 1923లో రాశాడు. అమెరికా ఆటలు, సరుకుల పేర్లు అడిగితే నిన్న ఓడ దిగినవాడికి మార్కులెలా వస్తాయి? ఆ పోలికలు నిలవవని 1930లో బ్రిగమే ఒప్పుకున్నాడు. అప్పటికే 1924లో వలసలను కట్టడి చేసే చట్టం వచ్చేసింది.

ఇక మన ఏజెన్సీ సంగతి. అరకు, పాడేరు వైపు ఎన్నో ఇళ్లలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. అక్కడి పిల్లకు తెలుగులో ప్రశ్నలు వేస్తే మనం కొలిచేది చాలావరకు తెలుగునే. మాటల్లేని బొమ్మల పరీక్ష పెడితే సరిపోతుందా? కొంతవరకే. తమిళనాడు చెరకు రైతులకు అలాంటి పరీక్ష కోతకు ముందు, డబ్బు చేతికొచ్చాక పెట్టిన అధ్యయనం 2013లో అచ్చయింది. అదే రైతులు కోత తర్వాత మెరుగ్గా చేశారు. రెండోసారి కాబట్టి అలవాటైందేమో అన్న అనుమానం న్యాయమైనదే. అందుకే కొందరికి కోత తర్వాతే మొదటిసారి పరీక్ష పెట్టి కూడా చూశారు; ఫలితం అలాగే వచ్చింది.

ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారులు ఇచ్చిన అధ్యయనం 2006లో వచ్చింది. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకుల, దళిత పిల్లల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందూ ఒక్కొక్కరి కులం చదివి వినిపించాక దళిత పిల్లల ఫలితం పడిపోయింది. చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. అయినా ఇతర దేశాల్లో ఇలాంటి ప్రయోగాలను పెద్ద ఎత్తున మళ్లీ చేసినప్పుడు కొన్నిసార్లు ప్రభావం కనిపించలేదు. నాకు నచ్చిన అధ్యయనం కదా అని ఆ సంగతి దాచను.

వంశపారంపర్యం పాత్రే లేదనడమూ సరికాదు, కవలల అధ్యయనాలు ఉన్నాయి. కానీ ఒక గుంపు లోపలి తేడాలకు జన్యువులు కారణమైనంత మాత్రాన రెండు గుంపుల మధ్య తేడాకూ అవే కారణమని తేలదు. గత శతాబ్దంలో అనేక దేశాల్లో సగటు ఐక్యూ పదేళ్లకు సుమారు 3 పాయింట్లు పెరిగింది. జన్యువులు అంత తొందరగా మారవు.

వేలిముద్రలు చూసి పిల్లల తెలివి చెబుతామనే వాళ్లకు దయచేసి డబ్బు కట్టకండి, దానికి శాస్త్రీయ ఆధారం లేదు. మీ బడికి నిజమైన పరీక్షే వస్తే, అది ఏ భాష పిల్లల మీద, ఏ ఏట ప్రమాణీకరించారో, అంటే ఎవరి మార్కులను బట్టి సగటు ఖరారు చేశారో అడగండి. తక్కువ మార్కు వచ్చిన పిల్లకు ఎవరు, ఏ భాషలో పాఠం చెబుతారో ముందే కాగితం మీద రాయించండి. రాయలేమంటే ఆ పరీక్షను మీ బడిలో పెట్టనివ్వకండి.