400 మీటర్ల రన్‌వే

శ్రోతలకు నమస్కారం.

విమానాశ్రయం అభివృద్ధి అనగానే పొడవాటి రన్‌వే, అద్దాల టెర్మినల్ గుర్తొస్తాయి. కరేబియన్ సముద్రంలోని సాబా ద్వీపంలో ఆ లెక్క కుదరదు. అక్కడి రన్‌వే సుమారు 400 మీటర్లు. స్టేడియంలో పరుగుపందెం ట్రాక్ ఒక చుట్టు ఎంతో, అంతే. రెండు కొసలా కొండచరియ, కింద సముద్రం. పొడిగిద్దామన్నా నేల లేదు.

సాబా 13 చదరపు కిలోమీటర్ల అగ్నిపర్వతం. జనాభా రెండు వేలకు అటూఇటూ. 2010 నుంచి నెదర్లాండ్స్‌లో ప్రత్యేక మునిసిపాలిటీ. పూర్వం పడవ దిగి, రాతిలో చెక్కిన నిట్టనిలువు మెట్లెక్కితేగాని ఊళ్లోకి చేరేవాళ్లు కాదు. రోడ్డు అసాధ్యమని డచ్ ఇంజనీర్లు తేల్చేశారు. జోసెఫస్ లాంబర్ట్ హాసెల్ అనే స్థానికుడు పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఇంజనీరింగ్ నేర్చుకున్నాడు. 1938లో ఊరివాళ్లతో పని మొదలుపెట్టించాడు. 1947లో ద్వీపంలోకి మొదటి జీపు వచ్చింది.

విమానాశ్రయం కథకూ, రోడ్డు కథకూ పోలిక ఉంది. ఈశాన్య మూలన ఫ్లాట్ పాయింట్ అనే చోట, ఎప్పటిదో లావా గడ్డకట్టి కాస్త చదునుగా ఉంది. సేంట్ బార్తెలెమీ ద్వీపపు పైలట్ రెమీ ద హేనెన్ అక్కడ విమానం దింపొచ్చన్నాడు. జనం రాళ్లు ఏరి, చేతులతోనే నేల చదును చేశారు. 1959 ఫిబ్రవరి 9న ఆయన దిగి చూపించాడు. 1963లో విమానాశ్రయం తెరిచి, నెదర్లాండ్స్ యాంటిలిస్‌లో (సాబా అప్పట్లో భాగంగా ఉన్న డచ్ కరేబియన్ దీవుల సమూహం) మంత్రిగా పనిచేసిన హువాంచో ఇరౌస్కిన్ పేరు పెట్టారు.

రన్‌వే పెరగదు కాబట్టి, దానికి సరిపోయే విమానాన్నే వెతుక్కోవాలి. అదే ట్విన్ ఆటర్. 19 సీట్లు, రెండు ప్రొపెల్లర్లు. తక్కువ వేగంతో దిగుతుంది, నేల తాకాక ప్రొపెల్లర్ల బ్లేడ్లు తిప్పి వెనక్కి నెట్టించి ఆపుతారు. పైలట్లకు ప్రత్యేక శిక్షణ ఉండాలి. రన్‌వే రెండు కొసలా పెద్ద ఎక్స్ గుర్తు ఉంటుంది, మామూలు విమానాలు రావద్దని. జెట్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. 'ప్రపంచంలోనే ప్రమాదకరమైన విమానాశ్రయం' అని పర్యాటకులు వీడియోలు తీస్తుంటారుగాని, సాబా వాసులకు అది బస్టాండు లాంటిదే.

దగ్గర్లోని సింట్ మార్టెన్ ద్వీపానికి విమానంలో పావుగంట ప్రయాణం. గాలి ఎదురుతిరిగితే మాత్రం సర్వీసు రద్దు. ద్వీపంలో ఉన్నది చిన్న ఆసుపత్రి. పెద్ద జబ్బు చేస్తే బయటికి పోవాల్సిందే. అందుకే వాళ్ల గొడవ రన్‌వే పొడవు గురించి కాదు, టికెట్ ధర గురించి. అది తగ్గించమని నెదర్లాండ్స్ ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉన్నారు.