కాటాకు గుంత కనబడదు

సభకు నమస్కారం. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు వేదిక మీది పెద్దల పేర్లన్నీ వరసగా చెప్పేశారు. మళ్ళీ నేనూ మొదలుపెడితే భోజనాలు చల్లారిపోతాయి. ఎవరూ ఏమీ అనుకోవద్దు.

నాకిచ్చిన అంశం ‘నల్లమల ఔషధ మొక్కలు’. అన్నీ చెప్పడం నా వల్ల కాదు. పొద్దున నంద్యాల బస్టాండులో దిగగానే సోడా బండి దగ్గర కనబడిన నన్నారి గురించే మాట్లాడతాను. నిన్నా ఇవాళా నన్నారి షర్బత్ తాగినవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. చూశారా, సగం సభ! మరి ఆ తీగను చూసినవాళ్లు? వెనకాల ఎవరో ఇద్దరున్నారు, సంతోషం.

అడవిలో దాన్ని మారేడు గడ్డ అంటారు, మారేడు కొమ్ములనీ అంటారు. శివుడికి పెట్టే మారేడు వేరు, ఇది వేరు. శాస్త్రం పేరు డెకాలెపిస్ హామిల్టోనై. బండల సందుల్లో పుట్టి పక్క చెట్టు మీదికి పాకుతుంది. తుంచితే పాలు కారతాయి. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగదు. ఇప్పుడది అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో ఉంది.

ఒంట్లో వేడి తగ్గడానికి, ఆకలి పుట్టడానికి, రక్తశుద్ధికి దీన్ని వాడటం పెద్దల నాటి నుంచీ ఉంది. సుగంధిపాల అనే మరో తీగ వేరు దొరకనిచోట బదులుగానూ వాడతారు. తమిళులు, కన్నడిగులు ఊరగాయ పెట్టుకుంటారు. దీనికి వాసననిచ్చే పదార్థం వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కు దగ్గరి చుట్టం. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో నిల్వ ధాన్యానికి పట్టే పురుగుల మీద ఈ గడ్డను పరీక్షించారు, పనిచేసింది. అంతమాత్రాన షుగరు తగ్గుతుందని షర్బత్ బండి మీద బోర్డు పెడితే ఎట్లా? గ్లాసులో సగం పంచదార పాకమే కదయ్యా!

సరే, అసలు సంగతికొస్తాను. నేను పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్తే, ఒక చెంచు అవ్వ గడ్డ తవ్వుతోంది. గడ్డపారతో ఒక పక్కనే గుంత తీసింది. మట్టిని చేత్తో గోకి, వేళ్లలా విచ్చుకున్న గడ్డల్లో రెండు కోసుకుంది. మిగతావి ముట్టలేదు. మొదలు కదలకుండా మట్టి పూడ్చి, కాలితో అదిమి, పైన ఆకులు కప్పింది. మావాడొకడు ఉండబట్టలేక, ‘‘అన్నీ తీసుకోవచ్చు కదవ్వా?’’ అన్నాడు. ‘‘మళ్లీ వచ్చినప్పుడు నన్నేం తవ్వుకోమంటావు నాయనా?’’ అంది.

ఆ గడ్డల్ని కడిగి, రాతి మీద చితక్కొట్టి, లోపలి పుల్ల తీసి పారేసింది. పైనున్న కండకే వాసన. మాకూ తలా ఒక ముక్క పెట్టింది. మధ్యాహ్నం దాకా నోట్లో చల్లదనం పోలేదు.

అదే కొండకు తర్వాత వెళ్తే అన్నీ గుంతలే. తీగ మొదలుతో సహా పెళ్లగించుకుపోయారు. ఎవరో దొంగలని నేననను. కొనేవాడు కిలో లెక్కన కొంటాడు. రెండు గడ్డలు కోసి మొదలు వదిలినవాళ్లకూ, మొత్తం పీకినవాళ్లకూ రేటు ఒక్కటే. కాటాకు గుంత కనబడదు కదా! 2006 అటవీ హక్కుల చట్టం వేళ్లు, దుంపలు సేకరించి అమ్ముకునే హక్కు గిరిజనులకు ఇచ్చింది. ఓపికగా తవ్వినందుకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చే పని మాత్రం బజారు చెయ్యాల్సిందే.

ఇంకొకటి. మొన్నొక దుకాణంలో సీసా తిప్పి చూశాను. పంచదార, రంగు, ఎసెన్సు. లోపల గడ్డ లేదు, పైన బొమ్మ ఉంది! ‘‘పోన్లెండి సార్, అడవైనా బతుకుతుంది’’ అన్నాడు మా విద్యార్థి ఒకడు. అడవి సంగతి సరే, గడ్డ అమ్ముకుని బతికే ఆ అవ్వ ఇల్లేం కావాలి?

ముందు వరసలో షర్బత్ తయారుచేసేవాళ్లు కూర్చున్నారని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. అయ్యా, మీతోనే. కొనేటప్పుడు గడ్డ ఒక్కటే చూడకండి. తెచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎట్లా తవ్వారో అడగండి. మొదలు వదిలామంటే రేటు పెంచండి. మాట మీద నమ్మకం లేకపోతే వాళ్ల వెంట ఒకసారి కొండెక్కండి, నేనూ వస్తాను. మోకాళ్లు సహకరించినంత మేర.